ఏ రెస్ట్రిక్షన్ ఎంజైమ్ వాడాలి? ముందు మ్యాప్ చూడండి, తర్వాత ఫ్రీజర్ తెరవండి

జీన్ క్లోనింగ్ (ఒక జీన్‌ను ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి డీఎన్ఏలో పెట్టి బ్యాక్టీరియాలో పెంచడం) ప్రాజెక్టు మొదలైన వారం తిరగకుండానే దాదాపు ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న ఇది: "ఫ్రీజర్‌లో ఈకోఆర్-1 ఉంది, హిండ్-3 ఉంది, స్మా-1 కూడా కాస్త మిగిలి ఉంది, వీటిలో ఏది వాడమంటారు?" ఇవన్నీ రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు, అంటే డీఎన్ఏని ఒక నిర్ణీత అక్షరాల (ఏ, టీ, జీ, సీ అనే బేస్‌ల) వరుస దగ్గర కోసేవి. నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీ ఇన్సర్ట్ (అతికించాల్సిన డీఎన్ఏ ముక్క) మ్యాప్ ఏది అని. చాలామంది దగ్గర ఉండదు. జీన్ సీక్వెన్స్ (అక్షరాల వరుస) ఉంటుంది, వెక్టర్ (ఇన్సర్ట్‌ను మోసే డీఎన్ఏ) పేరు తెలుసు, ప్రైమర్లు (పీసీఆర్‌తో జీన్‌ను కాపీ చేయడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) కూడా ఆర్డర్ చేసేసి ఉంటారు, కానీ ఆ సీక్వెన్స్‌ను ఏ ఎంజైమ్ ఎక్కడెక్కడ కోస్తుందో ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఎంజైమ్‌లలో మంచిది, చెడ్డది అంటూ ఏమీ లేదు. మీ డీఎన్ఏకి ఏది సరిపోతుందో మీ మ్యాపే చెబుతుంది. అందుకే ఇక్కడ ఎంజైమ్‌లను మాత్రమే కాదు, మ్యాప్ చదవడాన్ని కూడా కలిపి చెబుతాను.

ముందు రెండు ముక్కలు: ఇవి అసలు చేసేదేమిటి

బ్యాక్టీరియాలోకి వైరస్ డీఎన్ఏ చొరబడితే దాన్ని ముక్కలు చేసి పారేయడానికి బ్యాక్టీరియా పెట్టుకున్న కాపలా ఇవి. తన డీఎన్ఏ మీద అదే చోట్ల మిథైల్ గుర్తులు వేసుకుంటుంది కాబట్టి తనది తెగదు. 1970లో హామిల్టన్ స్మిత్ బృందం హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే నుంచి ఇలాంటి ఎంజైమ్‌ను వేరుచేసి, అది ప్రతిసారీ ఒకే అక్షరాల వరుస దగ్గర కోస్తుందని చూపించింది. మరుసటి సంవత్సరం డేనియల్ నేథన్స్, క్యాథలీన్ డానా అదే ఎంజైమ్‌తో ఎస్‌వీ40 అనే వైరస్ డీఎన్ఏని 11 ముక్కలు చేశారు. ఆ ముక్కల్లో ఏది ఏ ముక్క పక్కన ఉందో ఆరా తీయడంతోనే రెస్ట్రిక్షన్ మ్యాప్ అనే పని మొదలైంది. వెర్నర్ ఆర్బర్, స్మిత్, నేథన్స్ ముగ్గురికీ 1978లో నోబెల్ వచ్చింది.

పేర్లు చూసి భయపడకండి. ఈకోఆర్-1 అంటే ఎషరిషియా కొలై, ఆర్‌వై13 స్ట్రెయిన్, అందులో దొరికిన మొదటిది. హిండ్-3 అంటే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, ఆర్‌డీ స్ట్రెయిన్, మూడోది. అంతే.

ఎక్కువ ఎంజైమ్‌లు గుర్తుపట్టే వరుస పాలిండ్రోమ్. మన "వికటకవి" లాంటిదే కానీ చిన్న తేడా ఉంది. వికటకవిని అదే వరుసలో వెనక నుంచి చదువుతాం, డీఎన్ఏలో మాత్రం ఎదుటి పోగు మీద వెనక నుంచి చదవాలి. ఈకోఆర్-1 సైటు (అది గుర్తుపట్టే వరుస) జీఏఏటీటీసీ. దాని ఎదుటి పోగు రాసుకుని అటునుంచి చదివితే మళ్లీ జీఏఏటీటీసీయే వస్తుంది. రెండు పోగుల్లోనూ జీ తర్వాతే కోస్తుంది కాబట్టి ప్రతి కొసకీ ఏఏటీటీ అనే నాలుగక్షరాల తోక మిగులుతుంది. అదే స్టిక్కీ ఎండ్. స్మా-1 అయితే సీసీసీ, జీజీజీ మధ్యలో రెండు పోగులనీ ఒకే చోట కోస్తుంది, తోక ఉండదు. అది బ్లంట్ ఎండ్.

సైటులో ఎన్ని అక్షరాలున్నాయన్నదాన్ని బట్టి ఎంత తరచుగా కోస్తుందో ఉజ్జాయింపుగా లెక్కేయవచ్చు. నాలుగక్షరాలదైతే సగటున 256 బేస్‌లకు ఒకసారి, ఆరక్షరాలదైతే 4,096కు ఒకసారి, ఎనిమిదక్షరాలదైతే 65,536కు ఒకసారి. ఇది సగటు మాత్రమే, మీ జీన్ ఈ సగటును పట్టించుకోకపోవచ్చు.

ఎంచుకునే ముందు అడగాల్సినవి

అన్నిటికంటే ముందు: ఈ ఎంజైమ్ మీ ఇన్సర్ట్ లోపల కోస్తుందా? 1,200 బేస్‌ల జీన్ అనుకోండి, ఏదో ఒక ఆరక్షరాల సైటు అందులో పడే అవకాశం దాదాపు 25 శాతం. రెండు ఎంజైమ్‌లు వాడితే కనీసం ఒకటి లోపల కోసే అవకాశం 44 శాతం దాకా వెళ్తుంది. అంటే మ్యాప్ చూడకుండా జంట ఎంచుకోవడం దాదాపు బొమ్మా బొరుసూ వేయడమే. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో సీక్వెన్స్ పేస్ట్ చేస్తే పది సెకన్లలో తేలిపోయే విషయం ఇది, కాబట్టి బద్ధకించకండి.

తర్వాతది, వెక్టర్‌లో ఎన్ని చోట్ల కోస్తుంది. క్లోనింగ్‌కి ఒక్క చోటే కోయాలి, అదీ మీకు కావాల్సిన చోటే. మ్యాపింగ్‌కి, చెకింగ్‌కి అయితే రెండు మూడు చోట్ల కోస్తేనే పనికొస్తుంది.

ఎలాంటి కొస కావాలి, రెండు ఎంజైమ్‌లు ఒకే బఫర్‌లో, ఒకే టెంపరేచర్‌లో పనిచేస్తాయా, పని అయ్యాక వేడి చేస్తే చచ్చిపోతుందా, ఇవి ఆ తర్వాతి ప్రశ్నలు. చివరిది ఎక్కువమంది మరిచిపోయేది, మిథైలేషన్. ల్యాబ్‌లో వాడే మామూలు ఈ. కొలై స్ట్రెయిన్లు జీఏటీసీ అన్న ప్రతిచోటా ఏ అక్షరం మీద మిథైల్ వేస్తాయి, దీన్ని డ్యామ్ మిథైలేషన్ అంటారు. కొన్ని ఎంజైమ్‌లు ఆ గుర్తు ఉంటే కోయలేవు.

ఈ మిథైలేషన్ దగ్గర నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. ప్రైమర్‌లో ఎక్స్‌బా-1 సైటు, అంటే టీసీటీఏజీఏ పెట్టాను. దాని వెంటనే నా జీన్ టీసీతో మొదలైంది. రెండూ కలిపి చూడండి: టీసీటీఏజీఏటీసీ. చివరి నాలుగక్షరాలు జీఏటీసీ! పీసీఆర్ ముక్కను ముందు టీ-వెక్టర్‌లో (పీసీఆర్ ముక్కను నేరుగా అతికించే వెక్టర్) పెట్టి మామూలు స్ట్రెయిన్‌లో పెంచాను కాబట్టి అక్కడ మిథైల్ పడింది, ఎక్స్‌బా-1 ఎంత పోసినా తెగలేదు. ఎంజైమ్ పాడైపోయిందేమోనని కొత్త ట్యూబ్ తెప్పించాను, బఫర్ మార్చాను, రాత్రంతా ఉంచి చూశాను. చివరికి డ్యామ్ లేని స్ట్రెయిన్‌లోకి ఆ ప్లాస్మిడ్‌ను మార్చి మళ్లీ మినీప్రెప్ (బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్‌ను వేరుచేయడం) చేస్తే గంటలో తెగింది. ప్రైమర్‌లో సైటు రాసేటప్పుడు అటూ ఇటూ రెండక్షరాలు కలిపి చదివి ఉంటే అసలు ఆ టెన్షనే ఉండేది కాదు.

ఒక్క చూపులో

| రకం | ఉదాహరణ, కోత చోటు | కొస | సగటున ఎంతకోసారి | ఎక్కడ బాగా పనికొస్తుంది | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| ఆరక్షరాల స్టిక్కీ జంట | ఈకోఆర్-1: జీ/ఏఏటీటీసీ, హిండ్-3: ఏ/ఏజీసీటీటీ | స్టిక్కీ | 4,096 | ఒక జీన్, ఒక వెక్టర్, దిశ ముఖ్యం | ఇన్సర్ట్‌లో సైటు ఉంటే కుదరదు |
| బ్లంట్ | స్మా-1: సీసీసీ/జీజీజీ | బ్లంట్ | 4,096 | ఏ బ్లంట్ ముక్కనైనా అతికించొచ్చు | లైగేషన్ (అతికించడం) బలహీనం, దిశ తెలియదు |
| టైప్ 2ఎస్ | బీఎస్ఏ-1: జీజీటీసీటీసీ, కోత సైటు బయట | మీరు రాసుకున్న నాలుగక్షరాలు | సుమారు 2,048 | చాలా ముక్కలు ఒకేసారి | వెక్టర్, ఇన్సర్ట్ రెండిట్లోనూ సైటు తీసేయాలి |
| ఎనిమిదక్షరాలు | నాట్-1: జీసీ/జీజీసీసీజీసీ | స్టిక్కీ | 65,536 | పొడవైన ఇన్సర్ట్, జీనోమ్ మ్యాప్ | ఖర్చు, చాలా వెక్టర్లలో సైటు ఉండదు |
| నాలుగక్షరాలు | సౌ3ఏ-1: /జీఏటీసీ | స్టిక్కీ | 256 | లైబ్రరీ, పీసీఆర్ ముక్కల తేడా చూడటం | ప్లాస్మిడ్ పిండి పిండి అవుతుంది |

బీఎస్ఏ-1 కూడా ఆరక్షరాలదే కదా, 2,048 ఎలా అని అడుగుతారేమో. దాని సైటు పాలిండ్రోమ్ కాదు. పై పోగు మీద ఉన్నా కోస్తుంది, కింది పోగు మీద ఉన్నా కోస్తుంది, అందుకే రెట్టింపు సార్లు తగులుతుంది. 1,200 బేస్‌ల జీన్‌లో ఇది ఉండే అవకాశం ఒక్కటే 44 శాతం.

ఈకోఆర్-1, హిండ్-3 లాంటి జంట

ఒక జీన్‌ను ఒక వెక్టర్‌లో పెట్టడమే మీ పని అయితే, ఇన్సర్ట్ లోపల సైట్లు లేకపోతే, ఇంకేమీ ఆలోచించకుండా ఇదే తీసుకోండి. రెండు కొసలూ వేర్వేరు కాబట్టి వెక్టర్ తనలో తాను మూసుకోదు, ఇన్సర్ట్ తిరగబడి కూర్చోదు. చవక, ఏ ల్యాబ్‌లోనైనా ఉంటాయి.

పీయూసీ19 అనే ప్లాస్మిడ్ వెక్టర్‌నే తీసుకుందాం. మొత్తం 2,686 బేస్‌లు. అందులో క్లోనింగ్ సైట్లన్నీ 60 బేస్‌ల లోపు ఇరుకైన చోట వరసగా ఉంటాయి: ఈకోఆర్-1, శాక్-1, కేపీఎన్-1, స్మా-1, బామ్‌హెచ్-1, ఎక్స్‌బా-1, సాల్-1, పీఎస్‌టీ-1, ఎస్‌పీహెచ్-1, హిండ్-3. ఈకోఆర్-1 ఒక చివర, హిండ్-3 మరో చివర. ఎవరైనా కేపీఎన్-1, బామ్‌హెచ్-1 జంట అంటే నేను వద్దంటాను. వాటి మధ్య దూరం మరీ తక్కువ. ఒక ఎంజైమ్ కోశాక రెండోదానికి సైటు పక్కన నిలబడి పట్టుకోవడానికి చోటు చాలదు, దాంతో సగం వెక్టర్ ఒక్క కోతతోనే ఉండిపోతుంది, గెల్‌లో (డీఎన్ఏ ముక్కలను సైజు ప్రకారం విడదీసే జెల్లీ) చూస్తే అది మీకు కనిపించదు కూడా. ప్రైమర్ల విషయంలోనూ ఇదే సూత్రం. సైటును ప్రైమర్ చిట్టచివర పెట్టేయకండి, బయటివైపు ఒక ఆరు అక్షరాలైనా అదనంగా పెట్టండి, ఆ ఆరక్షరాల ఖర్చు ఏమంత ఉండదు.

ఇన్సర్ట్ లోపల బామ్‌హెచ్-1 సైటు ఉందనుకోండి, అప్పుడు జంట మార్చేయాలా? అక్కర్లేదు. బామ్‌హెచ్-1 వదిలే తోక జీఏటీసీ. బీజీఎల్-2 కూడా అదే తోక వదులుతుంది. వెక్టర్‌ను బామ్‌హెచ్-1తో, ఇన్సర్ట్‌ను బీజీఎల్-2తో కోసి అతికించవచ్చు. సాల్-1, ఎక్స్‌హెచ్ఓ-1 కూడా ఇలాంటి జతే. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: అలా అతికిన చోట ఇకపై ఆ రెండూ కోయలేవు. రేపు ఆ ఇన్సర్ట్‌ను బయటికి తీయాలనుకుంటే ఇబ్బంది. మళ్లీ తీసే పని లేకపోతే ఇది చాలా మంచి దారి.

వేడితో చంపడం గురించి కూడా ఇక్కడే చెప్తాను. ఈకోఆర్-1ని 65 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచితే చాలు. హిండ్-3కి 80 కావాలి. బామ్‌హెచ్-1 వేడికి లొంగదు, కాలమ్‌తో శుభ్రం చేయాల్సిందే. లైగేషన్‌కి ముందు ఈ తేడా తెలియక కాలనీలు రాలేదని బాధపడినవాళ్లను చాలామందిని చూశాను.

స్మా-1 లాంటి బ్లంట్ ఎంజైమ్‌లు

ఏ సైటూ కుదరనప్పుడు ఇది చివరి దారి. ప్రూఫ్‌రీడింగ్ పాలిమరేజ్‌తో (తప్పులు సరిదిద్దుకుంటూ కాపీ చేసే ఎంజైమ్) చేసిన పీసీఆర్ ముక్క ఎలాగూ బ్లంట్‌గానే వస్తుంది కాబట్టి ప్రైమర్‌లో సైటు రాయాల్సిన పనే లేదు, అదే దీని అందం. దానికి బదులుగా ఇచ్చుకునేది ఎక్కువే. తోకలు లేవు కాబట్టి లైగేజ్ (అతికించే ఎంజైమ్) పని నెమ్మది. ప్రైమర్లకు ముందే ఫాస్ఫేట్ పెట్టించాలి, వెక్టర్‌ను ఫాస్ఫటేజ్‌తో (కొసల్లోని ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్) ట్రీట్ చేయకపోతే తనలో తాను మూసుకుంటుంది. ఇక దిశ విషయానికొస్తే సగం అటు, సగం ఇటు.

దిశ తేల్చుకోవడానికి మ్యాపే గతి. ఉదాహరణకి 1,200 బేస్‌ల ఇన్సర్ట్‌లో మొదటి నుంచి 300 దగ్గర ఒక పీఎస్‌టీ-1 సైటు ఉందనుకోండి. పీయూసీ19లో పీఎస్‌టీ-1 స్మా-1కి పక్కనే, హిండ్-3 వైపు ఉంటుంది. ఇన్సర్ట్ చివరి భాగం అటువైపు పడితే సుమారు 900 ముక్క రాలుతుంది, తిరగబడి ఉంటే సుమారు 300 ముక్క. ఒక్క గెల్‌తో తేలిపోతుంది. సైటు సరిగ్గా మధ్యలో, 600 దగ్గర ఉంటే మాత్రం ఏ దిశైనా ఒకేలా కనిపిస్తుంది, అలాంటిది ఎంచుకుని ఉపయోగం లేదు.

ఇంకో చిన్న విషయం, స్మా-1ని 25 డిగ్రీల దగ్గర పెట్టాలి. అందరిలాగే 37లో పెడితే త్వరగా బలం పోతుంది. ఈకోఆర్-1తో కలిపి చేయాలంటే ముందు 25లో స్మా-1, తర్వాత ఈకోఆర్-1 వేసి 37కి మార్చండి.

బీఎస్ఏ-1, గోల్డెన్ గేట్

ప్రమోటర్ (జీన్‌ను ఆన్ చేసే భాగం), జీన్, ట్యాగ్ (ప్రోటీన్‌కు తగిలించే గుర్తు), టెర్మినేటర్ (ముగింపు సంకేతం), ఇలా నాలుగైదు ముక్కలు వరసగా అతికించాలంటే ఈకోఆర్-1 జంటలతో చేయడం అంటే ఒక్కో ముక్కకీ ఒక్కో వారం. బీఎస్ఏ-1 తన సైటు మీద కాకుండా దాటి వెళ్లి కోస్తుంది: ఒక పోగులో ఒక అక్షరం తర్వాత, మరో పోగులో ఐదక్షరాల తర్వాత. మధ్యలో మిగిలే నాలుగక్షరాలు ఏవన్నది మీ ఇష్టం. ప్రతి ముక్కకూ వేరే తోక రాసుకుంటే అవి తమ వరసలో తామే కూర్చుంటాయి. అతికిన చోట సైటు ఉండదు కాబట్టి ఎంజైమ్ మళ్లీ కోయలేదు, మళ్లీ తమ పాత కొసలకే అతికినవాటిని మాత్రం కోస్తూనే ఉంటుంది. అందుకే ఎంజైమ్, లైగేజ్ రెండూ ఒకే ట్యూబ్‌లో వేసి 37, 16 డిగ్రీల మధ్య తిప్పుతారు. ఈ పద్ధతిని 2008లో ప్రచురించారు, దాన్నే గోల్డెన్ గేట్ అంటున్నాం.

నాలుగక్షరాలతో 256 తోకలు రాయొచ్చు కానీ అన్నీ వాడలేం. తన తోకకు తానే అతికే పాలిండ్రోమ్‌లు 16 పోతాయి. మిగిలిన 240లో ఒక్కో తోకకూ దాని జత ఉంటుంది కాబట్టి నిజంగా వేర్వేరువి 120.

కానీ ముందే జాగ్రత్త. పీయూసీ19లో ఆంపిసిలిన్ జీన్ లోపల ఒక బీఎస్ఏ-1 సైటు ఉంది. మామూలు పీయూసీ19ని తీసుకెళ్లి గోల్డెన్ గేట్ చేస్తే వెక్టరే తెగుతుంది, కాబట్టి ఆ సైటు తీసేసిన వెక్టరే తీసుకోవాలి. మీ జీన్‌లో కూడా ఉంటే సైలెంట్, అంటే అమైనో ఆమ్లం మారని మ్యుటేషన్‌తో తీసేయాలి. ఒక్క జీన్‌ను ఒక్కసారి క్లోన్ చేసేవాళ్లకి ఇదంతా అనవసర శ్రమ. అదే ప్రమోటర్లు మార్చి మార్చి ఇరవై కాంబినేషన్లు చేయాలనుకునేవాళ్లకి మాత్రం ఇంకో ఆలోచన పెట్టుకోవద్దంటాను.

నాట్-1

లోపల సైటు ఉంటుందేమో అన్న భయం దాదాపు లేని ఎంజైమ్ ఇది. 1,200 బేస్‌ల జీన్‌లో ఉండే అవకాశం 2 శాతం లోపే. పెద్ద ఇన్సర్ట్‌లకి మంచిది. దీని అసలు గొప్పతనం జీనోమ్ మ్యాపుల్లో కనిపించింది. 1987లో ఈ. కొలై జీనోమ్ మ్యాప్ గీసినప్పుడు నాట్-1 ఆ 46 లక్షల బేస్‌లను 22 ముక్కలే చేసింది. లెక్క ప్రకారమైతే 70 రావాలి. సగటు లెక్క ఎంత తప్పగలదో దీన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

సౌ3ఏ-1 లాంటి చిన్న సైటువి

ప్లాస్మిడ్ క్లోనింగ్‌కి వద్దు. రెండు చోట్ల మాత్రం వీటికి సాటి లేదు. ఒకటి జీనోమిక్ లైబ్రరీ (ఒక జీవి డీఎన్ఏ మొత్తాన్ని ముక్కలుగా వెక్టర్లలో దాచిన సేకరణ): సౌ3ఏ-1ని తక్కువ సేపు, తక్కువ ఎంజైమ్‌తో పెట్టి అరకొరగా కోయించి 15 నుంచి 20 వేల బేస్‌ల ముక్కలు తీసుకుంటే, వాటి తోకలు బామ్‌హెచ్-1తో కోసిన వెక్టర్‌కి సరిగ్గా అతుకుతాయి. రెండోది పీసీఆర్ ముక్కలో ఒక్కక్షరం మారిందో లేదో చూడటం.

ఇక్కడ మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ సికిల్ సెల్ అనే వారసత్వ రక్త వ్యాధి. ఆదిలాబాద్ నుంచి విశాఖ ఏజెన్సీ దాకా గిరిజన ప్రాంతాల్లో ఈ సమస్య ఉంది. బీటా గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లో ఒక భాగం) జీన్ ఆరో కోడాన్‌లో (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలు) జీఏజీ బదులు జీటీజీ అవుతుంది, ఒక్క ఏ అక్షరం టీ అవుతుందంతే. ఆ ఒక్క అక్షరం ఎంఎస్‌టీ-2, డీడీఈ-1 అనే ఎంజైమ్‌ల సైటులో ఉంది. మామూలు జీన్‌ను ఎంఎస్‌టీ-2 కోస్తే 1,150, 200 బేస్‌ల ముక్కలు వస్తాయి, సికిల్ జీన్‌లో సైటు పోతుంది కాబట్టి 1,350 ఒకటే మిగులుతుంది. క్యారియర్ (ఒక మామూలు జీన్, ఒక సికిల్ జీన్ ఉన్నవారు) అయితే మూడూ కనిపిస్తాయి. స్క్రీనింగ్ మొదట రక్తంలోని హిమోగ్లోబిన్‌ను చూసే సొల్యుబిలిటీ పరీక్ష, హెచ్‌పీఎల్‌సీ లాంటి వాటితోనే జరుగుతుంది, డీఎన్ఏ దాకా వెళ్లే సందర్భాలు తక్కువ. కానీ ఈ ప్రయోగం చేసేవాళ్లు ఒక్క విషయం మరవకూడదు: ఇక్కడ "తెగలేదు" అంటే జబ్బు జీన్ అని అర్థం. ఎంజైమ్ పనిచేయకపోయినా తెగదు! అందుకే పీసీఆర్ ముక్కను ఎంచుకునేటప్పుడు ఎప్పుడూ మారని ఇంకో సైటు కూడా అందులో ఉండేలా చూసుకోండి. ఆ సైటు తెగితేనే మీ ఫలితాన్ని నమ్మాలి.

మ్యాప్ కోసం ఎంజైమ్ ఎంచుకోవడం వేరే పని

క్లోనింగ్‌లో ఒక్క కోత కావాలి. మ్యాపింగ్‌లో అయితే ఒక్క ఎంజైమ్ చెప్పేది చాలా తక్కువ. పీబీఆర్322 అనే పాత ప్లాస్మిడ్‌తో చూపిస్తాను, 4,361 బేస్‌లు, గుండ్రటిది. గుండ్రటి డీఎన్ఏని ఎన్ని చోట్ల కోస్తే అన్నే ముక్కలు, నిలువుది అయితే ఒకటి ఎక్కువ.

ఈకోఆర్-1తో కోస్తే 4,361 ఒకటే. బామ్‌హెచ్-1తో కోసినా అదే. పీఎస్‌టీ-1తో కోసినా అదే. మూడు లేన్లలోనూ (గెల్‌లో ఒక్కో నమూనా పరిగెత్తే దారి) ఒకే బ్యాండ్ (ఒకే సైజు ముక్కల గీత), ఏమీ తెలియలేదు. ఇప్పుడు రెండేసి కలపండి. ఈకోఆర్-1, బామ్‌హెచ్-1 కలిస్తే 377, 3,984. అంటే ఆ రెండిటి మధ్య 377. ఈకోఆర్-1, పీఎస్‌టీ-1 కలిస్తే సుమారు 750, 3,610. అంటే పీఎస్‌టీ-1 ఈకోఆర్-1కి 750 దూరంలో ఉంది, కానీ ఏ వైపు? బామ్‌హెచ్-1 ఉన్న వైపేనా, అవతలి వైపా? ఒకే వైపైతే బామ్‌హెచ్-1కీ పీఎస్‌టీ-1కీ మధ్య 750లో 377 పోను 370 చిల్లర ఉండాలి. చెరో వైపైతే రెండూ కలిపి 1,130 ఉండాలి. మూడో జంట వేసి చూడండి: సుమారు 1,130, 3,230 వస్తాయి. చెరో వైపే, ఈకోఆర్-1 మధ్యలో ఉంది. ఈ మూడు లేన్లలో మ్యాపింగ్ తర్కమంతా ఉంది, ఒక్కసారి కాగితం మీద గుండ్రంగా గీసుకుని చేసి చూడండి, ఆ తర్వాత ఏ మ్యాప్ పజిల్ వచ్చినా భయం ఉండదు.

గెల్ కూడా మోసం చేస్తుంది, అది లాంబ్డా అనే వైరస్ డీఎన్ఏతో నేర్చుకోవచ్చు. 48,502 బేస్‌ల లాంబ్డాని ఈకోఆర్-1 ఆరు ముక్కలు చేస్తుంది: 21,226, 7,421, 5,804, 5,643, 4,878, 3,530. మామూలు గెల్‌లో 5,804, 5,643 దాదాపు ఒకే బ్యాండ్‌లా కనిపిస్తాయి, మీరు ఐదే లెక్కపెడతారు. అందుకే ముక్కలన్నీ కూడి మొత్తానికి సరిపోతోందా అని చూడాలి, తక్కువొస్తే ఎక్కడో రెండు బ్యాండ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. హిండ్-3తో కోస్తే ఎనిమిది ముక్కలు రావాలి, చివరిది 125. 500 నానోగ్రాముల లాంబ్డా వేస్తే ఆ 125 ముక్క బరువు 1.3 నానోగ్రాములే, చాలాసార్లు కంటికి ఆనదు. ఇంకోటి, 23,130, 4,361 ముక్కల కొసలు లాంబ్డా సొంత తోకలు, ఒకదానికొకటి అతుక్కుంటాయి. లోడ్ చేసే ముందు 65 డిగ్రీల దగ్గర కాసేపు వేడి చేసి వెంటనే ఐస్‌లో పెట్టండి.

సీక్వెన్సింగ్ (అక్షరాలన్నీ చదవడం) ఇంత చవకయ్యాక డైజెస్ట్ (ఎంజైమ్‌తో కోసి చూడటం) ఎందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాలనీ పీసీఆర్ (ప్లేట్ మీది బ్యాక్టీరియా కాలనీ నుంచి నేరుగా పీసీఆర్) అన్నిటికంటే వేగం, కానీ ప్లేట్ మీద మిగిలిన లైగేషన్ డీఎన్ఏ కూడా బ్యాండ్ ఇచ్చేస్తుంది. డైజెస్ట్ వల్ల మొత్తం ప్లాస్మిడ్ ఆకారం తెలుస్తుంది, కానీ ఒక్కక్షరం తప్పు కనిపించదు. సాంగర్ సీక్వెన్సింగ్ ఆ తప్పు చూపిస్తుంది, కానీ ఒక్క రియాక్షన్‌లో 700 నుంచి 900 బేస్‌లే, వెక్టర్ అవతలివైపు ఏదైనా ఊడిపోయినా మీకు తెలియదు. నా పద్ధతి: ఎనిమిది కాలనీలకు మినీప్రెప్, అన్నిటికీ డైజెస్ట్, సరైనవాటిలో రెండింటికి సీక్వెన్సింగ్.

మీరు ఎవరైతే ఏది

డిగ్రీ ప్రాక్టికల్స్‌కి, లేదా క్లాసులో చూపించడానికి లాంబ్డా, హిండ్-3 చాలు, అంతకంటే నమ్మకమైన గెల్ ఉండదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక జీన్ క్లోన్ చేసేవాళ్లు ఈకోఆర్-1, హిండ్-3తో మొదలుపెట్టండి, అవి ఇన్సర్ట్‌లో ఉంటే బామ్‌హెచ్-1, సాల్-1 లాంటివి చూడండి, అవీ కుదరకపోతే అప్పుడు బీజీఎల్-2, ఎక్స్‌హెచ్ఓ-1 జతలు, అన్నీ అయిపోయాకే బ్లంట్. పీహెచ్‌డీలో రెండు మూడేళ్ల పాటు కన్‌స్ట్రక్ట్‌లు (ముక్కలు అతికించి తయారుచేసిన డీఎన్ఏలు) చేయబోయేవాళ్లు మొదటి నెల కష్టపడి బీఎస్ఏ-1 వెక్టర్లు సమకూర్చుకోండి. మ్యుటేషన్ తేడా చూడాలనుకునేవాళ్లు ముందు ఆ అక్షరం ఏ సైటును చెరిపేస్తోందో, ఏ కొత్త సైటును పుట్టిస్తోందో వెతకండి. ఏదీ లేకపోతే వేరే పద్ధతి చూసుకోవాలి, బలవంతంగా ఎంజైమ్ వెతకొద్దు.

ఏది ఎంచుకున్నా ట్యూబ్‌లో చేసే పని ఒకటే. 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో సుమారు 500 నానోగ్రాముల డీఎన్ఏ, 2 మైక్రోలీటర్ల పది రెట్ల బఫర్, నీళ్లు, చివర్లో ఎంజైమ్. ఎంజైమ్‌లన్నీ కలిపి 2 మైక్రోలీటర్లు దాటకూడదు. అవి సగం గ్లిసరాల్‌లో ఉంటాయి, మొత్తంలో గ్లిసరాల్ 5 శాతం దాటితే ఈకోఆర్-1 లాంటివి తమ సైటు కాని, దాన్ని పోలిన చోట్ల కూడా కోయడం మొదలుపెడతాయి, దీన్నే స్టార్ యాక్టివిటీ అంటారు. తెగలేదని ఎంజైమ్ గుమ్మరించేవాళ్లకి తర్వాత వింత బ్యాండ్లు రావడానికి ఇదొక ముఖ్య కారణం. వేళ్లతో తట్టి కలపండి, వోర్టెక్స్ (ట్యూబ్‌ను వేగంగా కుదిపే యంత్రం) వద్దు.

గెల్‌లో కోసినదాని పక్కనే కోయని ప్లాస్మిడ్‌ను తప్పకుండా పెట్టండి. కోయని ప్లాస్మిడ్ మెలిపడి ఉంటుంది కాబట్టి దాని అసలు సైజు కంటే చిన్నదానిలా కిందికి పరిగెడుతుంది, ఒక్క పోగు తెగినది పైన ఆగుతుంది. ఈ రెండు బ్యాండ్లను చూసి "రెండు ముక్కలైంది" అని రాసుకొచ్చినవాళ్లున్నారు. ఒక్కో ఎంజైమ్ విడిగా, రెండూ కలిపి, కోయనిది, లాడర్ (సైజులు ముందే తెలిసిన డీఎన్ఏ ముక్కలు): ఐదు లేన్లు. పీబీఆర్322లో చేసిన లెక్కే ఇక్కడా చేయండి, సాఫ్ట్‌వేర్ చూపించిన సైజులతో మీ బ్యాండ్లు సరిపోతే ఆ ప్లాస్మిడ్‌ను సీక్వెన్సింగ్‌కి పంపొచ్చు.